ఆముదం దేశంలో నాలుగు రోజులు!

టెన్షన్! ఈ కాలం కుర్రకారు నోట ఎప్పుడూ నానే మాట ఇదే. రిజల్ట్సు వస్తాయంటే టెన్షన్, రాలేదంటే టెన్షన్. ఇంటర్వ్యూ అంటే సరేసరి. అభిమాన హీరో బొమ్మకి మొదటి ఆట టిక్కెట్టు దొరక్కపోయినా టెన్షనే! దీనికి మందుల షాపుకి పరుగెత్తేవాళ్లు కొందరైతే, సెల్‌ఫోన్లో 'అమ్మమ్మ చిట్కాలు' చూసి కనిపించిన పొడులన్నీ కలుపుకు తాగేవాళ్లు మరికొందరు. ఆ చిట్కాలు నిజంగా బతికున్న ఊళ్లలోనే వాటిని చూసి రావాలనిపించి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు బయల్దేరాను. "ఊటీ, కొడైకెనాల్ ఉండగా ఆ ఎర్రమట్టి దుమ్ములోకి ఎందుకయ్యా?" అని మిత్రులు నవ్వారు. ఎందుకో చెబుతాను, వినండి మరి!

చెట్టు లేని చోట...

హైదరాబాదు వదిలి నల్గొండ దారి పట్టామంటే కాసేపటికే బండరాళ్ల గుట్టలు, తాటిచెట్లు, గట్ల మీద పచ్చని పూలతో తంగేడు పొదలు. నేల ఎర్రటి చెల్క నేల, వానొస్తేనే పంట. 'చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం' అన్న సామెత మనం ఎదుటివాణ్ణి వెక్కిరించడానికి వాడుకుంటాం గానీ, ఇక్కడి రైతుకి ఆముదం నిజంగానే మహావృక్షం! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆముదం పంటకి ఈ రెండు జిల్లాలే పెట్టింది పేరు. తర్వాత పత్తి వచ్చి చాలా చేలు ఆక్రమించేసింది. అయినా పాతకాలపు ఇళ్లలో ఆముదం సీసా ఇంకా కనిపిస్తుంది.

నల్గొండ దాటాక ఒక పల్లెలో ఎండకి తాళలేక ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఆ ఇంటి అవ్వ చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చి నా మొహంలోకి చూసింది.

"కండ్లు ఎర్రగున్నయ్. నిద్ర పడ్తలేదా బిడ్డా? మాడుకింత ఆముదం పెట్టుకొని పండుకో."

ఆముదం అనగానే నా మొహం ఎలా అయ్యుంటుందో మీకు చెప్పక్కర్లేదు. 'ఆముదం తాగిన మొహం' అని ఊరికే అన్నారా! అవ్వ నవ్వి, తాము ఆముదం ఎలా వండుతారో చెప్పింది. గింజల్ని వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దని నీళ్లలో మరిగిస్తారు. పైకి తేలిన నూనెని గరిటెతో తీసి, నీటి చెమ్మ పోయేదాకా మళ్లీ కాస్తారు. దాన్నే వంటాముదం అంటారు. గింజని మాత్రం పిల్లలకి అందనివ్వరు. అందులో రిసిన్ అనే విషం ఉంటుంది. అది నూనెలోకి రాదు, పిప్పిలోనే ఉండిపోతుంది.

చెబుతూనే మనవణ్ణి ముందు కూర్చోబెట్టుకుని వాడి మాడు మీద నాలుగు చుక్కలు వేసి మెల్లగా రుద్దింది. వాడు అయిదు నిమిషాల్లో ఆమె మోకాలి మీదే ఒరిగిపోయాడు. వాగ్భటుడు అష్టాంగ హృదయంలో రోజూ నూనె రాసుకోమంటాడు. అందులోనూ తల, చెవులు, పాదాలు మరిచిపోవద్దంటాడు. అవ్వ ఆ పుస్తకం పేరు కూడా విని ఉండదు!

"మరి నీకు నిద్ర పడుతుందా అవ్వా?" అని అడిగాను.

"నాకా? కొడుకు పుణె బోయిండు, బిల్డింగు పనికి. ఆడు ఫోన్ జేసిన దినం పడ్తది. చెయ్యని దినం ఆముదం గాదు, అమృతం పెట్టుకున్నా పడ్తదా?"

నాలుగు రోజుల ప్రయాణంలో చిట్కాలు చాలానే విన్నాను. కానీ ఈ ఒక్క మాటే నా వెంట వచ్చింది.

డాక్టరు గారి తొలి చిత్రం

ఈ జిల్లా మన పరిశ్రమకి ఇచ్చిన ఒక నటుడు ఇక్కడ గుర్తుకొస్తాడు. తుంగతుర్తిలో పుట్టిన ఎం.ప్రభాకర్ రెడ్డి ఎం.బి.బి.ఎస్. చదివి, డాక్టరై, ఆ తర్వాతే తెరమీదికి వచ్చాడు. ఆయన తొలి చిత్రం 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది'. అందులో సావిత్రి మానసిక చికిత్సాలయంలో నర్సు. ప్రేమగా చూసుకుని రోగి మనసు బాగుచేస్తుంది, చివరికి తన మనసే కోల్పోతుంది. ఇతరులకి సేవ చేసేవాళ్ల మనసు ఎవరు చూస్తారని అడిగిన చిత్రం అది. అందరి తలకీ ఆముదం పెట్టే అవ్వని చూశాక ఆ కథ నాకు ఇంకాస్త బాగా అర్థమైంది.

నీళ్లు చెప్పిన కథ

నల్గొండకి పశ్చిమాన మర్రిగూడ, నాంపల్లి వైపు వెళ్తే నడుం వంగిపోయిన పెద్దవాళ్లు కనిపిస్తారు. ఏళ్ల తరబడి దాన్ని వాతనొప్పి అనుకుని నూనెలు కాచి రాసుకున్నవాళ్లున్నారు. నూనె వేడికి ఆ పూట కాస్త ఉపశమనం దొరికేది. అసలు విలన్ బావిలో ఉన్నాడు! నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్ని పట్టేసింది. ఆ నీటిని పటికతో, సున్నంతో శుద్ధి చేసే పద్ధతిని నాగపూర్‌లోని 'నీరి' సంస్థ 1970లలో రూపొందించింది. దాని పేరే 'నల్గొండ టెక్నిక్'. తర్వాత కృష్ణా జలాలు, 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్లు ఊళ్లకి చేరాయి. ఒకసారి వంగిన ఎముక తిరిగి నిటారు కాదు గానీ, మంచినీళ్లు తాగి పెరిగే పిల్లలకి ఆ గతి తప్పుతుంది.

మనసు సంగతీ అంతే సుమా. నూనెతో ఆ రాత్రి గడుస్తుంది. టెన్షన్ ఏ బావిలోంచి వస్తోందో మాత్రం వెతుక్కోక తప్పదు. అప్పా, చదువా, ఇంట్లో పోరా, ఎవరితోనూ చెప్పుకోలేని ప్రేమా?

సాగర్ మీదుగా నల్లమలకి

అక్కణ్ణుంచి నాగార్జునసాగర్. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాం ఇది. నీళ్ల మధ్య నాగార్జునకొండ దీవి. అక్కడి తవ్వకాల్లో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శాసనంలో 'విగతజ్వరాలయం' అన్న మాట ఉంది. జ్వరం తగ్గినవాళ్లు కోలుకునే చోటు అని పండితులు అర్థం చెబుతారు. చూశారా, జ్వరం దిగాక కూడా కొన్నాళ్లు విశ్రాంతి కావాలని సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందటే ఇల్లు కట్టిపెట్టారు! మనమేమో పరీక్ష రాసిన సాయంత్రమే కోచింగ్ సెంటరు వెతుక్కుంటాం.

సాగర్ నుంచి కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం రోడ్డెక్కి మన్ననూరు చేరాను. అక్కడ మొదలవుతుంది నల్లమల, అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఈ అడవి బిడ్డలు చెంచులు. తేనె, బంక, మారేడు గడ్డలు సేకరిస్తారు. వేసవిలో మనం తాగే నన్నారి షర్బత్తు ఆ గడ్డల చలవే. వాసనకే సగం అలసట తీరుతుంది. కానీ గడ్డ మొత్తం తవ్వేస్తే తీగ చచ్చిపోతుంది. అలా తవ్వీ తవ్వీ ఆ తీగ ఇప్పుడు అంతరించే ప్రమాదంలో పడింది. అందుకని 'అడవి మూలిక' అని రోడ్డు పక్కన అమ్మే ప్రతి కట్టా కొనెయ్యకండి.

అన్నట్టు, విజయ్ దేవరకొండ కుటుంబానిది ఈ అచ్చంపేట ప్రాంతమే. 2019లో యురేనియం తవ్వకాలు వస్తాయంటే, 'సేవ్ నల్లమల' అని గొంతెత్తిన సినిమావాళ్లలో ఆయనా ఉన్నాడు.

మర్రికే సెలైన్!

అచ్చంపేట నుంచి నాగర్‌కర్నూల్, పాలెం మీదుగా మహబూబ్‌నగర్. పాలెంలో కొత్త ఆముదం రకాలు పుట్టించే వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. మహబూబ్‌నగర్ చేరాక పిల్లలమర్రి చూడకపోతే ప్రయాణం పూర్తయినట్టు కాదు. సుమారు ఏడు వందల ఏళ్ల మర్రి, మూడెకరాల మేర పరుచుకుంది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడ్డాక చూస్తే లోపలంతా చెదలు! 2018లో మనుషులకి ఎక్కించినట్టే సీసాలు వేలాడదీసి చెట్టుకి మందు ఎక్కించారు. కొమ్మలకి ఊతంగా దిమ్మెలు కట్టారు. పైకి పచ్చగా ఉన్న చెట్టుకే చికిత్స అవసరమైంది. నవ్వుతూ తిరిగే మన మిత్రుడికి అవసరం కావచ్చని మనకెందుకు తట్టదు?

ఇంటికి తెచ్చుకున్నవి

ఇక నేను సంచీలో వేసుకొచ్చిన చిట్కాలు. అన్నీ వంటింటివే.

పడుకునే ముందు మాడుకి, అరికాళ్లకి ఆముదం గానీ నువ్వుల నూనె గానీ పట్టించడం. ఆముదం తాగడం వేరే సంగతి. అది గట్టి విరేచనకారి. గర్భిణులు దాని జోలికే పోకూడదు.

వారానికోసారి కుంకుడుకాయతో తలంటు. మధ్యాహ్నం జీలకర్ర, శొంఠి వేసిన పల్చటి మజ్జిగ. పొద్దున జొన్న అంబలి. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, టీలు బంద్. రాత్రి పాలల్లో జాజికాయ చిటికెడు, అంతే! ఎక్కువైతే తల తిరిగి లేనిపోనివి కనిపిస్తాయి.

ఏడుపొస్తే ఏడవండి. చరకుడు ఆపుకోకూడదన్న పదమూడు వేగాల్లో నిద్ర ఉంది, కన్నీరూ ఉంది. కాబట్టి సెంటిమెంటు సీనులో కర్చీఫు తీయడానికి సిగ్గుపడక్కర్లేదు! కోపం, అసూయ, భయం, దురాశ మాత్రం అదుపులో పెట్టుకోవాలన్నాడు.

వద్దనేవి కూడా వినండి. పేరూ ఊరూ లేని పొడులు మింగకండి. అమెరికా వైద్య సంఘం పత్రికలో 2008లో వచ్చిన పరిశోధనలో, ఇంటర్నెట్లో అమ్మిన 193 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే దాదాపు అయిదింట ఒకదాంట్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. పెన్నేరు గడ్డ, అదే అశ్వగంధ, టెన్షన్ తగ్గిస్తుందని కొన్ని చిన్న పరిశోధనలు చెప్పాయి. అయితే అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. డాక్టరునో, చదువుకున్న వైద్యుణ్ణో అడక్కుండా వాడొద్దు.

రెండు వారాలైనా నిద్ర రాకపోతే, తిండి సయించకపోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, అప్పుడిక ఆముదం సీసా పక్కన పెట్టెయ్యండి. 14416కి ఫోన్ చెయ్యండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పురుగుమందు డబ్బాలుండే పల్లె ఇళ్లలో ఈ నంబరు గోడ మీద రాసిపెట్టుకోవడం మంచిది.

వర్షాలు వెలిశాక, బతుకమ్మకి ముందు వెళ్లండి. గట్లన్నీ తంగేడు పూసి బంగారంలా ఉంటాయి. వచ్చేటప్పుడు ఒక సీసా వంటాముదం తెచ్చి అమ్మకిచ్చి, "తలకి కాస్త పెట్టమ్మా" అని అడగండి. పెట్టాక లేచి సినిమాకి పరుగెత్తకుండా, సీసా మీరు తీసుకుని ఆమె తలకీ నాలుగు చుక్కలు పెట్టండి. ఇంట్లోవాళ్లు ఎవరైనా పని కోసం దూరాన ఉంటే, ఈ రాత్రే ఒక ఫోన్ చేసి పలకరించండి!