సంతకం నాది, ప్రయాణం కంపెనీది

అమెరికా వెళ్లే విమానం ఎక్కకముందే అబుదాబిలో అమెరికా ఇమిగ్రేషన్ అయిపోతుంది. 2014 నుంచి అక్కడ వాళ్ల అధికారులే కూర్చుని పాస్‌పోర్టులు చూస్తున్నారు. దిగాక మళ్లీ లైన్లో నిలబడే పని ఉండదని మనవాళ్లు చాలామంది ఆ దారినే ఇష్టపడతారు. నన్ను వెనక్కి పంపింది అక్కడే.

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నా ఉద్యోగం. మేం రాసిన సిస్టమ్‌ను అమెరికా క్లయింటు దగ్గర మొదలుపెట్టాల్సిన (గో-లైవ్) సమయం అది. నా దగ్గర వ్యాపార పర్యటనలకిచ్చే పదేళ్ల బీ-1 వీసా ఉంది. కంపెనీ లేఖలో సమావేశాలు, శిక్షణ అని రాశారు. బీ-1 మీద ఆ రెండూ చేయొచ్చు. ఒప్పందాలు మాట్లాడుకోవచ్చు, సదస్సులకు వెళ్లొచ్చు. అక్కడి ఉద్యోగి చేయాల్సిన పని మాత్రం ముట్టకూడదు.

అబుదాబి కౌంటర్లో అధికారి ఒకటి రెండు మాటలడిగి పక్క గదికి పంపాడు. ఫోను, ల్యాప్‌టాప్ తీసుకున్నారు. పాస్‌వర్డులు ఇవ్వమన్నారు, ఇచ్చాను. అధికారి తెరిచింది నా క్యాలెండరు. అందులో మేనేజర్ పెట్టిన గో-లైవ్ సపోర్ట్ షిఫ్టులున్నాయి, పగలు, రాత్రి, వారాల తరబడి.

"నువ్వు రాకపోతే ఈ షిఫ్టులు ఎవరు చేస్తారు?"

మా టీమ్‌లోనే ఇంకొకరు అన్నాను. వాళ్లూ రాకపోతే అన్నాడు. క్లయింటు అక్కడే ఎవరినో పెట్టుకోవాలి. ఆ మాట నా నోటితోనే చెప్పించాడు. నా జీతం హైదరాబాద్‌లోనే పడుతుందని చెప్పాను. జీతం గురించి కాదు, పని ఎక్కడ జరుగుతుందని అడుగుతున్నానన్నాడు.

తర్వాత కాగితాల మీద పడ్డాడు. పాస్‌పోర్టులో వరంగల్ జిల్లా, కంపెనీ లేఖలో జనగామ జిల్లా. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాయనీ, నేను పుట్టిన భూపాలపల్లి, అత్తగారి మహబూబాబాద్, మేముంటున్న జనగామ అంతకుముందు ఒక్క జిల్లాలోవేననీ వివరించాను. ముఖం కదలకుండా విన్నాడు. ఉన్నదే చెబుతున్నా, చెబుతుంటే నాకే అల్లి చెబుతున్నట్టు అనిపించింది.

ప్రశ్నలూ జవాబులూ టైపు చేసి ప్రతి పేజీ మీద సంతకం పెట్టమన్నారు. నా అంతట నేనే ప్రవేశం కోరికను ఉపసంహరించుకుంటున్నానని చివర ఇంకో కాగితం. వీసా మీద రద్దు ముద్ర కొట్టారు. ఎవరూ అరవలేదు, అవమానించలేదు. దాహమేస్తే నీళ్లిచ్చారు. ఇంటికి ఒక్క ఫోను చేసుకోనివ్వలేదు, అంతే. నా విమానం వెళ్లిపోయిందని అక్కడి బోర్డు చూస్తేనే తెలిసింది.

కంపెనీ తరఫున వచ్చిన మెయిల్ పొట్టిగా ఉంది. వీసా ఉన్నంత మాత్రాన ప్రవేశం ఖాయం కాదు, తుది నిర్ణయం సరిహద్దు అధికారిదే అని. నిజమే, చట్టం అదే చెబుతుంది. అలాగని ఆ లేఖ నేను రాసుకున్నది కాదు, ఆ షిఫ్టులు నేను వేసుకున్నవీ కాదు.

మహబూబాబాద్‌లో చుట్టాలు "వాపస్ పంపిండ్రట, ఏం జేసిందో ఏమో" అనుకున్నారు. మా నాయిన భూపాలపల్లిలో సింగరేణి బాయి పని చేసి రిటైరైన మనిషి. అంతా విని ఒక్కటే అడిగాడు: "కంపెనీ పంపితేనే పోయినవ్ గదా బిడ్డా. మరి ఆ కాయితాల మీద దస్కతు నీదొక్కదానిదేనా?"

ఇలాంటి బీ-1 వీసాల వ్యవహారంలోనే 2013లో ఇన్ఫోసిస్ అమెరికా ప్రభుత్వానికి 3.4 కోట్ల డాలర్లు కట్టి కేసు ముగించుకుంది, మోసం ఆరోపణను ఒప్పుకోకుండానే. కంపెనీకైతే డబ్బుతో తీరింది. నాకు తీరే దారి లేదు. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160లో, ఎప్పుడైనా ప్రవేశం నిరాకరించారా, ఉపసంహరించుకున్నారా అనే ప్రశ్న ఉంటుంది. అక్కడ అవునని రాయాలి. బ్రిటన్ ఫారంలోనూ వేరే దేశాల తిరస్కరణలు చెప్పాలి. రాసిన ప్రతిసారీ వివరణ, దానికి రుజువులు.

2025 సెప్టెంబర్‌లో, అమెరికాలో ఉద్యోగం చేయడానికిచ్చే హెచ్-1బీ వీసాల కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము అన్నారు. ఆ ఖర్చు తప్పించుకోవడానికి బీ-1 మీద చేయించే ఈ పొట్టి ప్రయాణాల మీదే ఇంకా బరువు వేస్తారేమోనని నా భయం. యూరప్‌లో చాలా దేశాల లెక్క వేరు. పొట్టి వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలి. 2025 అక్టోబర్ 12 నుంచి రాకపోకలను వేలిముద్రలతో కంప్యూటరే లెక్కగట్టడం మొదలైంది. పని మీద పంపితే కొన్ని దేశాలకు, ఇక్కడే పీఎఫ్ కడుతున్నామని చూపే ఈపీఎఫ్‌వో కవరేజీ సర్టిఫికెట్ కూడా పట్టుకెళ్లాలి.

నేను వెళ్లకపోయినా ఆ గో-లైవ్ ఆగలేదు. జనగామలో మా ఇంటి నుంచే రాత్రిళ్లు కూర్చుని ముగించాను.

ఈమధ్య జర్మనీ పంపుతామన్నారు. ఆహ్వాన లేఖలో నేను అక్కడ చేయబోయే ప్రతి పనీ రాయమన్నాను, కీబోర్డు మీద ఎవరి చెయ్యి ఉంటుందో కూడా.

"అంత వివరంగా రాస్తే వీసా రాదమ్మా" అన్నారు మేనేజర్ గారు.

"రాకపోతే ఇక్కడి నుంచే చేస్తాను సర్" అన్నాను. లేఖ ఇంకా రాలేదు.