హరివిల్లు నేర్పిన అదబ్

వాన వెలిసిన సాయంత్రం తూర్పున హరివిల్లు పొడచూపితే పసివారు మొదలు వృద్ధుల వరకు తల పైకెత్తని వారుండరు. కొద్దిసేపటికే కరిగిపోయే ఆ రంగుల వంపు మనిషిని ఎందుకింతగా ఆకట్టుకుంటుంది? అది పిలిస్తే రాదు. దగ్గరకు నడిస్తే దూరం జరుగుతుంది. అందని అందం ప్రశ్నను రేకెత్తిస్తుంది.

దీర్ఘకాలంగా మదర్సాలో బోధిస్తున్న మాకు హరివిల్లు ఒక గురుశిష్యుల వృత్తాంతాన్ని స్ఫురింపజేస్తుంది. పదకొండవ శతాబ్దంలో కైరోలో నివసించిన ఇబ్నుల్ హైసమ్ దృష్టిశాస్త్రంపై ‘కితాబుల్ మనాజిర్’ అనే మహాగ్రంథం రచించారు. రమారమి రెండున్నర శతాబ్దాల తరువాత పర్షియా పండితుడు ఖుత్బుద్దీన్ షీరాజీ, తన శిష్యుడైన కమాలుద్దీన్ ఫారిసీకి ఆ గ్రంథాన్ని పరిచయం చేశారు. ఫారిసీ దానికి విస్తృత వ్యాఖ్యానం రాశారు. అయితే మేఘమే పుటాకార దర్పణం వలె కాంతిని ప్రతిఫలింపజేస్తుందన్న ఇబ్నుల్ హైసమ్ వివరణ ఆయనకు తృప్తినివ్వలేదు.

ఫారిసీ ఒక గాజు గోళాన్ని నీటితో నింపి, దానిని పెద్ద వానచినుకుగా భావించారు. చీకటి గదిలో రంధ్రం గుండా వచ్చే వెలుగును దానిపై పడనిచ్చి పరిశీలించారు. కాంతి నీటిలోకి ప్రవేశిస్తూ ఒకసారి వంగి, లోపలి వెనుకభాగాన్ని తాకి మరలి, వెలుపలికి వస్తూ మరోసారి వంగుతున్నదని గ్రహించారు. లోపల రెండుమార్లు మరలితే పైన మసకగా రెండవ హరివిల్లు ఏర్పడుతుంది. అందులో రంగుల వరుస తలకిందులవుతుంది. దాదాపు అదే కాలంలో జర్మనీలో థియొడొరిక్ అనే పండితుడు కూడా స్వతంత్రంగా ఈ నిర్ణయానికే వచ్చారు. తెల్లని వెలుగులోనే రంగులన్నీ దాగి ఉన్నాయన్న సంగతిని న్యూటన్ 1672లో ప్రకటించారు.

నిరుడు వానాకాలంలో ఒక విద్యార్థి మమ్మల్ని అడిగాడు: “ఉస్తాద్, మీరు చూసే హరివిల్లూ నేను చూసేదీ ఒకటేనా?” అక్కడే ఉన్న పెద్దాయన ఒకరు, “ఇవన్నీ నీకెందుకు? సబక్ చూసుకో” అని గద్దించారు. పిల్లవాడి ముఖం చిన్నబోయింది.

అతణ్ణి చేరదీసి ఇలా చెప్పాము: “ఒకటి కాదు బేటా. సూర్యుడు మన వీపు వెనుక ఉండాలి. తల నీడ పడే దిక్కుకు సుమారు 42 డిగ్రీల కోణంలో ఉన్న చినుకులే మన కంటికి ఎరుపును పంపుతాయి. నా కంటికి పంపే చినుకులు వేరు, నీ కంటికి పంపేవి వేరు. సూర్యుడు 42 డిగ్రీలకు మించి పైకెక్కితే, నేలపై నిలబడినవారికి ఆకాశంలో హరివిల్లు కనిపించదు. అందుకే మిట్టమధ్యాహ్నం సాధారణంగా దానిని చూడము.”

ఆ పెద్దాయన ఆందోళన మాకు తెలియనిది కాదు. ప్రశ్నించడం అలవాటైతే పిల్లలు పెద్దల పట్ల అదబ్ మరచిపోతారని ఆయన భయం. కాని ఫారిసీ, ఇబ్నుల్ హైసమ్‌ను తూలనాడలేదు. ఆయన గ్రంథాన్ని ఆద్యంతం చదివి, ఆయన పరీక్షించి తెలుసుకునే పద్ధతినే ఆయన మాటకూ వర్తింపజేశారు. గురువును గౌరవించడానికి ఇంతకన్న మంచి మార్గం ఏముంటుంది?

తల్లిదండ్రులారా, ఎండ వీపుపై పడేటట్లు పిల్లలను సాయంత్రం పెరట్లో నిలబెట్టి, గొట్టంతో నీటిని సన్నని తుంపరగా చిమ్మించండి. ఆ తుంపరలో రంగులు కనిపించగానే వారు ప్రశ్నలు వేస్తారు. సమాధానం తెలియకపోతే, “రా, కలిసి తెలుసుకుందాం” అనండి. గద్దించిన చోట పిల్లలు రెండోసారి అడగరు.