మూడో పిన్ను విరవొద్దు

నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ పాఠం చెబుతాను. మాది ఏజెన్సీలో ఒక గూడెం. మన పిల్లలు చాలామంది చదువయ్యాక పట్నంలో టీవీలు, ఛార్జర్లు, ఇన్వర్టర్లు బాగుచేసే షాపుల్లో చేరుతున్నారు. సంతోషమే. అక్కడ ఆసిలోస్కోపు దగ్గర వినబడే ఒక మాటే నా బెంగ: "ఎర్త్ పిన్ను తీసెయ్, ఏం కాదు."

పండక్కి ఊరొచ్చిన ఒక కుర్రాడు అడిగాడు. "సార్, క్లిప్పు పెట్టగానే ఢాం అంటోంది. పిన్ను విరిస్తే అనదట. మేస్త్రి విరిచెయ్యమంటున్నాడు."

బొమ్మ గీసి చూపించాను. ప్రోబుకుండే నల్ల క్లిప్పు స్కోపు లోహపు ఒంటికి, అక్కడి నుంచి మూడో పిన్ను ద్వారా భూమికి కలిసి ఉంటుంది. మన ఇళ్ల కరెంటు 230 వోల్టులు. ఛార్జర్ లోపల అది డీసీగా మారేసరికి సుమారు 325 వోల్టులు. ఆ వైపు నెగటివ్, భూమి ఒకటి కావు. క్లిప్పు అక్కడ తగిలిస్తే షార్టే. పిన్ను విరిస్తే ఢాం అనదు, నిజమే. కానీ కరెంటు స్కోపు ఒంటికెక్కి కూర్చుంటుంది. ప్రోబు బిగించే లోహపు సాకెట్టు మీద చెయ్యి పడితే, అది భూమిలోకి పోయే దారి మన ఒళ్లే.

వేరుచేయాల్సింది స్కోపును కాదు, బాగుచేసే వస్తువును. దాన్ని ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడపాలి. వేరియాక్ ఆ పని చేయదు, దానిలో ఉన్నది ఒకటే చుట్ట. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ధీమా వద్దు. క్లిప్పు తగిలించాక బోర్డు మళ్లీ భూమికి కలిసినట్టే. అప్పుడు షాక్ కొడితే గోడమీది ఆర్‌సీసీబీ కూడా పడదు. డిఫరెన్షియల్ ప్రోబు ఉంటే అన్నిటికన్నా మేలు.

అంతా విని కుర్రాడు అన్నాడు: "అర్థమైంది సార్. కానీ కొత్తగా చేరినవాణ్ణి, మేస్త్రికి ఎలా చెప్పను?"

అసలు ప్రమాదం ఇక్కడుంది. కొండ మీంచి వచ్చినవాడికేం తెలుసంటారని మన పిల్లలు నోరు మెదపరు. "ఎదురు చెప్పొద్దు, ఈ బొమ్మ గీసి చూపించు" అన్నాను. ఆ మేస్త్రి చెడ్డవాడేం కాదు. అతనికీ ఎవరో అలాగే నేర్పి ఉంటారు.

టీచర్లకు ఒక మనవి. "ముట్టుకోవద్దు" అని మాత్రమే చెబితే పిల్లలు భయం నేర్చుకుంటారు. ఎందుకో చెబితే, "ఈ పని ఇలా చేయను" అనడం నేర్చుకుంటారు. ప్లగ్గులో పొడవైన పిన్ను ఎర్త్‌దే. పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగిలేది, తీసేటప్పుడు చివర వదిలేది అదే. రేపటి క్లాసులో ఒక ప్లగ్గు చేతికిచ్చి, అది పొడవుగా ఎందుకుందో పిల్లల్నే అడగండి.