మందు సీసా పక్కన పెట్టండి

చలికాలంలో బంతి ఆకులు పసుపెక్కితే మా విస్సన్నపేటలో ముందు వినబడే మాట "మందు కొట్టు". మామిడి పూత కాలం కదా, తేనెమంచు పురుగుకి తెచ్చిన సీసా ఇంట్లోనే ఉంటుంది. మొన్న డిసెంబరులో మా పెరట్లోనూ అదే సలహా. అమ్మ దిగులు వేరు. అది నాయనమ్మ ఏటేటా దాచిన విత్తనం. ఆవిడ పోయి రెండేళ్లు. ఈ మొక్కలు పోతే ఆ బంతి ఇక ఉండదు.

బగ్ ఎక్కడుందో చూడకుండా కోడ్ ముట్టుకోవద్దంటారు మా ఆఫీసులో. ఆకులు తిప్పి చూశాను. పేనుబంక లేదు, ఎర్రనల్లి లేదు. మట్టిలో వేలు దించితే బురద! చలికాలం నేల త్వరగా ఆరదు. ఎండాకాలంలా రోజూ తడిపితే వేళ్లకి గాలి అందక కుళ్లిపోతాయి. పూతకి ముందు మామిడికి నీళ్లు ఆపాలని ఊళ్లో అందరికీ తెలుసు. బంతి దగ్గరికొచ్చేసరికి పైపు వదిలేస్తారు.

కుళ్లినవి పీకేశాం. పైమట్టి పొడిబారాకే, పొద్దున పూట, ఆకులు తడవకుండా మొదట్లో పోశాం. పసుపెక్కిన ఆకు మళ్లీ పచ్చబడదు, మీరు చూడాల్సింది చిగురుని. పది రోజులకి అది పచ్చగా వచ్చింది.

సంక్రాంతికి గొబ్బెమ్మకో పువ్వే దక్కింది. పెద్దవి రెండు మాత్రం అమ్మ కోయనివ్వలేదు. విత్తనానికట.