కలివిపొదల నడుమ రెండు దినములు

వానకాలము వచ్చిన పిమ్మట మా రాజంపేట సంతకు పల్లెపడుచులు తట్టలతో కలివికాయలు తెచ్చి అమ్ముదురు. పప్పులోనికి గాని పచ్చడికి గాని ఆ పులుపునకు సాటి లేదని సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱ లేదు. అయితే ఆ కాయ కాచెడి ముండ్లపొదను నమ్ముకొని బ్రతుకుచు, దాని పేరే తన పేరుగా గల పక్షి యొకటి మన కడపసీమలో కలదనియు, దానిని వెదకుచు దూరదేశముల పండితులు సయితము వచ్చిరనియు ఎఱిగినవారు మనలో కొందఱే యుందురు. ఆ పక్షి కలివికోడి.

పేరునకు కోడియే గాని అది కోడిజాతి కాదు. జానకంటె కొంచెము పొడవు, సన్నని పొడుగుకాళ్లు, పెద్దకన్నులు, రొమ్మున హారములవలె రెండు పట్టెలు. పగలెల్ల పొదలనీడ నొదిగియుండి, చీకటిపడిన పిదప నేలపై పరుగులిడుచు పురుగుల నేరుకొని తినును. చెన్నపురి రాజధానిలో కుంపిణీవారి సైన్యమునకు వైద్యుడుగా నుండిన జెర్డన్ దొర దీనిని కనుగొనగా, 1848లో ఇది శాస్త్రగ్రంథముల కెక్కినది. 1900లో అనంతపురము దాపున చూచినట్లు ఒకరు వ్రాసిరి. అటుపిమ్మట ఎనుబదియాఱేండ్లు గ్రంథములలో దీని జాడ లేదు. నశించినదనియే పలువురు తలచిరి. తుదకు 1986 జనవరిలో, బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పక్షమున వెదకుచుండిన భరత్ భూషణ్ గారికి, లంకమల కొండల ప్రాంతమున పల్లెవాసి యొకడు రాత్రివేళ దీనిని సజీవముగ పట్టి తెచ్చి యిచ్చెను. రెండేండ్లకు, 1988లో, ఆ కొండలు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమయ్యెను.

ఇందు మాకు వింత గొలిపినది దొరకుట కాదు. పండితులకు చచ్చిన పక్షియైనది ఇచ్చటి వేటకాండ్రకు పేరు పెట్టి పిలుచుకొనెడి పక్షి! చూచినవారుండిరి, వ్రాసినవారు లేరు. ఇంకొక చిత్రము. 2013లో స్కాట్లండు దేశపు అబర్డీన్ విశ్వవిద్యాలయ భాండారమున మూలబడియున్న గ్రుడ్డొకటి కలివికోడిదేనని పరీక్షలవలన తేలినది. అది 1917లో కోలారు ప్రాంతమున దొరకినదట. పుస్తకములు మౌనము వహించిన కాలముననే ఆ గ్రుడ్డు పెట్టెలో భద్రముగ నుండెనన్నమాట. మన యిండ్ల అటుకలమీద ఏమేమి యున్నవో!

గడచిన మార్గశిరమున ఒక శని, ఆదివారములు మావారికిని పిల్లలకును సెలవు కలిసివచ్చెను. మా అత్తగారి పుట్టినిల్లు సిద్ధవటము దాపున, లంకమల కనబడెడి పల్లె. జొన్నరొట్టెలు, వేరుసెనగపొడి మూటగట్టుకొని అందఱమును బయలుదేరితిమి. నందలూరి యొద్ద చెయ్యేరు దాటునపుడు అత్తగారు చేతులు జోడించిరి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లకు ఊళ్లు మునిగిన దినము తలంపునకు రాక, మా ప్రాంతమువా రెవరును ఆ వంతెన దాటలేరు.

మా అమ్మాయి ఎనిమిదవ తరగతి చదువుచున్నది. దానియొద్ద పక్షుల పుస్తకమొకటి కలదు. ఏ పక్షియైనను సరే: దినము, వేళ, చోటు, ఎన్ని, ఏమి చేయుచుండెను. ఈ యైదును లేనిది వ్రాయరాదని దాని నియమము. వ్రాసినవానిని ఈబర్డ్ అను లెక్కలో చేర్చుచుండును. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు 2002లో నెలకొల్పిన యీ లెక్కలో ఎవరైనను చేర్పవచ్చును. మేము చిన్ననాట మా తండ్రిగారియొద్ద చదివిన కావ్యములలో చకోరములు, చాతకములు, రాజహంసలు మెండు. వానిలో ఏ యొక్కదానికిని చోటు, వేళ లేవు. దాని పుస్తకమున పెరటికాకికి సయితము కలవు. మొదట నవ్వుకొంటిమి గాని, చదువగా చదువగా ఆ పట్టికయే మాకు రుచించినది.

అనుమతి లేక అభయారణ్యమున ప్రవేశింపరాదు. కావున శనివారము సాయంకాలము ఊరిబీటిలోనే తిరిగితిమి. చూచుటకు అందేమున్నది? ఎఱ్ఱనేల, గులకరాళ్లు, కలివి, రేగు, అక్కడక్కడ తుమ్మ. మనము బీడని తీసివేయు నేల. అయితే కలివికోడికి కావలసినది ఇట్టిదే. పొదలు చిక్కగ అల్లుకొన్నచోట అది పరుగెత్తలేదు. బొత్తిగ నఱికినచోట దాగలేదు. పొదకును పొదకును నడుమ మట్టినేల యుండవలెను. పరిశోధకులు ఆ నడిమినేలను మెత్తని మన్ను పఱచి, మఱునా డుదయమున కాలిజాడలు వెదకుచు దాని యునికిని తెలిసికొనిరట. మా చిన్నవాడు ఆ మాట విని, తానును దోసిళ్లతో మన్ను పోసి చదును చేసెను. తెల్లవారిన పిదప దానిపై మేకల గిట్టలు తప్ప మఱేమియు లేవు. అదియు పుస్తకమున కెక్కినది.

ఆ నేల మీదుగనే తెలుగుగంగ కాలువ పోవలసియుండెను. 2005లో త్రవ్వకము పక్షియున్న పొదలదాక వచ్చినది. నీరు వలదని ఈ సీమలో ఏ యిల్లాలు అనగలదు? బిందెలతో మైళ్లు నడచిన కాళ్లు ఇంకను మన యిండ్లలో నున్నవి. అయినను విచారణలు జరిగి, కాలువ దారి మార్చిరి. అది మంచిపని యని మా యభిప్రాయము. చుట్టు తిరిగి వచ్చినను నీరు నీరే. పక్షికి మాత్రము మఱియొక చోటు లేదు.

రాత్రి భోజనములైన పిదప మావారు చరవాణిలో కలివికోడి కూత వినిపించిరి. బయట వినిపించిన పక్షులు కలతపడునని తలుపు వేసిరి. రెండేసి యక్షరముల పొట్టి పలుకు, త్వరత్వరగ మాఱుమాఱు వచ్చును. తమలపాకులకు సున్నము రాయుచుండిన అత్తగారు చేయి ఆపి, “ఇది మా దీపాల పిట్ట గదా! దీపం పెట్టే యాళకు అరుస్తాండె. అది అరిస్తే ఆటలు సాలించి ఇంటికి రావల్ల” అనిరి. అందఱమును ఒక్కక్షణము మాటాడలేదు. అమ్మాయి పుస్తకము తెఱచి, మరల మూసినది. దినము లేదు, ఎన్ని యని లేదు.

ఆదివారము వేకువనే ఊరిబయటి రాతిగుట్టకు పోయితిమి. పిగిలిపిట్ట మీ పెరటిలోనిదే. నల్లని తల, తోకక్రింద ఎఱ్ఱని గుఱుతు. దానికి దాయాదియైన తెల్లకనుబొమ పిట్ట ఈ పొదలలో తఱచు. బండసందున మొలచిన జువ్వికొమ్మపై నొకటి వ్రాలగా అదియే కాబోలు నని దుర్భిణి నెత్తబోవుచుండగా, చిన్నవాడు “అమా, పసుపు పూసుకున్న పిట్ట!” అని గుసగుసలాడెను. నిజమే. తల, గొంతు మేలిపసుపు, వీపు బూడిదచాయ, జుట్టు లేదు, తోకకొన పసుపుమెఱపు. బండమీదికి గెంతి, తల వంచి మమ్ము చూచి, ఆవలివైపునకు జాఱిపోయెను. లెక్కించిన ఇరువదిక్షణములుండునేమో. అమ్మాయి వ్రాయుచుండగా దాని వ్రేళ్లు వణకుచుండెను. మేమో, ముప్పది దాటిన గృహిణులము, బండపై కూలబడి కారణము లేకయే నవ్వితిమి.

మావారు తీసిన ఛాయాచిత్రమున బండ మాత్రమే పడినది. పక్షిశాస్త్ర మెఱిగిన యొకరికి వ్రాయగా, గొంతు తెల్లనా పసుపా, కంటిపై గీత కలదా, రాతినేలయా పొదలా యని ప్రశ్నలు పంపిరి. అన్నిటికిని ఉత్తరము పుస్తకములో ముందే యుండెను. అది పసుపుగొంతు పిగిలిపిట్టయే. దక్షిణభారతపు రాతికొండలలో తప్ప ప్రపంచమున మఱెచ్చటను లేదు. తగ్గిపోవుచున్న పక్షుల పట్టికలోనిది. 1845లో దీనిని లోకమునకు తెలిపినవాడును ఆ జెర్డన్ దొరయే!

ఆ యుత్తరము వచ్చిన రాత్రి అమ్మాయి జేజియొద్ద కూర్చుండి, “దీపాల పిట్ట అరిసినప్పుడు నీకెన్నేండ్లు, జేజీ?” అని మొదలిడెను. అత్తగారికి సంవత్సరములు తెలియవు. చిన్నతమ్ముడు ఉయ్యాలలో నుండెనని తెలియును. ఆ తమ్ముడు పుట్టినది 1970. పుస్తకము కడపటి పుటలో ఇట్లు వ్రాసినది: “1970 ప్రాంతము. దీపములవేళ. కూత మాత్రము. విన్నది జేజి.” ఇది లెక్కకు రాకపోవచ్చునని మావారు చెప్పిరి. “మా పెద్దన్న గొర్లు కాస్తాండె. వాన్ని గూడ అడిగి రాసుకో” అని అత్తగారు పడక వేసికొనిరి.

పెద్దన్నగారు సంక్రాంతికి మా యింటికి వచ్చుచున్నారు. అమ్మాయి ఆ మాటక్రింద నాలుగు గీతలు విడిచిపెట్టినది.