గుండె మీద ఒక కన్ను

మా ఇంట్లో ఆవకాయ జాడీ అటకెక్కి నాలుగేళ్లయింది. మనవడి ఎదుట ఊరగాయ కలుపుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. 2021లో, ఏడో ఏట, వాడి మూత్రపిండాలు రెండూ పని మానేశాయి.

డాక్టరమ్మ మాత్రం మొదటిరోజు నుంచీ వాడి గుండె గురించే అడిగేవారు. జబ్బు నడుము దగ్గరయితే గుండెకేం వచ్చిందండీ అన్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. బయటికి పోవలసిన నీరూ, ఉప్పూ ఒంట్లో నిలిచిపోతే రక్తపు పోటు పెరుగుతుంది. ఆ పోటుకి ఎదురు నెట్టి నెట్టి గుండె ఎడమగది గోడ దళసరెక్కుతుంది, దంపుళ్లు దంచే చేతికి కండ పట్టినట్టు. కండ మంచిదేగా అనుకోకండి. ఆ గోడ బిరుసెక్కి గది సరిగా నిండదు. పైగా రక్తం తయారు చెయ్యమని పురమాయించే హార్మోను కూడా మూత్రపిండాలదే. అది తగ్గితే రక్తం పలచనై గుండెకి చాకిరీ రెట్టింపవుతుంది. ఇలాంటి పిల్లల ప్రాణం తీసేవాటిలో గుండెజబ్బుది ముందు వరస అని ఆవిడ అన్నప్పుడు మా అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డయాలిసిస్ మధ్య రోజుల్లో నీళ్లు కొలిచి ఇచ్చేవాళ్లం. ఎండాకాలంలో వాడు గ్లాసు పట్టుకుని, “తాతయ్యా, ఇంకొక్క గుక్క!” అనేవాడు. ముప్ఫయ్యేళ్ల ఉద్యోగంలో అంత కష్టమైన పని నేను చెయ్యలేదు. చూడవచ్చిన చుట్టాలు ప్రేమకొద్దీ కొబ్బరిబోండాలు తెచ్చేవారు. వాటిలోని పొటాషియం అటువంటి బిడ్డ గుండె లయనే తప్పించగలదు. గుమ్మంలోనే పుచ్చుకుని పక్కింటికి పంపేవాళ్లం.

2023లో మా అమ్మాయి తన మూత్రపిండం ఒకటి వాడికిచ్చింది. ఆపరేషనయ్యాక, “నీళ్లు బాగా తాగు నాయనా” అన్నారు. వాడు చెంబు దించితే ఒట్టు!

గండం గడిచింది, మిఠాయిలు పంచమన్నారు చుట్టాలు. డాక్టరమ్మ మళ్లీ గుండె మాటే ఎత్తారు. పరాయి అవయవాన్ని ఒళ్లు వెళ్లగొట్టకుండా వేసే మందుల్లో కొన్ని రక్తపు పోటు పెంచుతాయి. స్టెరాయిడ్లు ఆకలినీ, కొవ్వునీ పెంచుతాయి. 1954లో బోస్టనులో డాక్టరు జోసెఫ్ మరీ ఒకే పోలిక కవలల మధ్య మూత్రపిండం మార్చినప్పుడు ఆ మందుల అవసరమే రాలేదు. మావాళ్లు తల్లీబిడ్డలే గాని కవలలు కారు గదా!

పిల్లల పోటుకి మనకున్నట్టు ఒకటే లెక్క కాదు. వయసూ, ఎత్తూ, ఆడా మగా చూసి పట్టికలో వెతుకుతారు. అదీగాక నిద్రలో పోటు దిగాలి, కొందరికి దిగదు. పగలు ఆస్పత్రిలో కొలిస్తే ఆ సంగతి బయటపడదు. అంచేత 24 గంటలూ చేతికి పట్టీ కట్టి పంపారు. అది బుస్సుమని ఉబ్బినప్పుడల్లా వాడు, “మాట్లాడకండి, లెక్క తప్పుతుంది” అని ఇంటిల్లిపాదినీ నోరు మూయించాడు.

మొన్నటి పరీక్షలో గుండె గోడ మునుపటికంటె పలచబడిందన్నారు. రాత్రి పోటు మాత్రం ఇంకా పూర్తిగా దిగలేదు. ఒక మాత్ర చేర్చారు.

“మరి పరుగెత్తవచ్చా?” అని వాడే అడిగాడు.

“పరుగెత్తు. పొట్టకి దెబ్బ తగిలే ఆటలు వద్దు” అన్నారావిడ. కొత్తది పొట్ట కిందిభాగంలో ముందువైపునే ఉంటుంది మరి.

ఇప్పుడు సాయంత్రాలు చెరువుగట్టు మీద వాడు పరుగెత్తుతాడు, నేను వెనక నడుస్తాను. రాత్రి పోటు మాత్రలు ఇద్దరం కలిసే వేసుకుంటాం. నాది నేను మింగేదాకా వాడు మంచం ఎక్కడు.