మామకు దారి చూపే పెట్టె కొన్న సంగతి

పోయిన నెల తలా కొంత వేసి పోగుచేసిన డబ్బు ఏమైందని కొందరు ఫోన్ చేసి అడుగుతున్నారు. లెక్క చెప్పాల్సింది మేం ముగ్గురమే కాబట్టి కూర్చుని రాస్తున్నాం. కొంచెం పొడుగవుతుంది. తెలుగు చదవడం రాని వాళ్ళకు ఇంట్లో ఎవరైనా చదివి వినిపించండి.

18 ఏళ్ళు మన సంఘానికి కార్యదర్శిగా ఉండి దిగిపోతున్న మామకు ఏమిద్దామని మీటింగులో అడిగితే ఒకరు శాలువా అన్నారు, ఇంకొకరు వెండి దీపం అన్నారు. శాలువాలు ఆయన బీరువాలో ఎన్ని మూలుగుతున్నాయో అత్తనడిగితే చెబుతుంది. కారుకు జీపీఎస్ ఇద్దామన్నది మేం. ఎందుకన్నామో ఆ రోజు పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి మామ ఒప్పుకున్నారు. "రాయండప్పా, నాలాంటి వాళ్ళు ఇంకో నలుగురుంటారు" అన్నారు.

వైశాఖంలో ఉడుమలపేట అవతల జరిగిన పెళ్ళి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ సంబంధం కుదిర్చిందే మామ. అందరికంటే ముందు మండపంలో ఉండాల్సిన మనిషి తలంబ్రాలు కూడా అయిపోయాక, రెండో పంక్తి భోజనాలకు వచ్చారు. కారు రిపేరన్నారు, మనమూ నమ్మాం. వారం తర్వాత అత్త మా ఇంట్లో వాళ్ళతో అసలు మాట చెప్పింది. కారుకేమీ కాలేదు. ఆయన మలుపు గుర్తు పెట్టుకున్నది రెండు చింతచెట్లతో. రోడ్డు వెడల్పు చేసే పనుల్లో ఆ చెట్లు పోయాయి. చీకట్లో గంటన్నర తిరిగారట. ఎవరినైనా ఆపి అడగడానికి మనసు రాలేదట, ఈ చుట్టుపక్కల దారి తెలియనివాడిగా ఆయన ఎప్పుడూ లేరు మరి. ఆ తర్వాత కళ్ళు సరిగా ఆనడం లేదని చెప్పి ఊళ్ళకు వెళ్ళడం మానేశారు. మేమే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. అద్దాలు మార్చారు, అంతకుమించి ఏమీ లేదన్నారు.

సంఘం పుస్తకంలో మనవాళ్ళ ఇళ్ళ పేర్లే ఉన్నాయి, దారులు లేవు. ఎవరి తోట ఏ కాలువ పక్కన, ఏ వీధిలో మనవాళ్ళది ఒకే ఒక్క ఇల్లు, ఇదంతా ఆయన తలలోనే ఉంది. ఆయన కారు ఇంటి ముందు ఆగిపోతే మనకు పోయేది ఒక్క కార్యదర్శి కాదు.

అయితే ఈ కానుకలో ఒక ముల్లుంది. దారులన్నీ తెలిసిన మనిషికి దారి చూపే పెట్టె ఇస్తే "మీకు దారి తెలియదు" అని మొహం మీద చెప్పినట్టే కదా! దాని సంగతి తర్వాత. ముందు ఏది కొనాలన్నదే పెద్ద చర్చ అయింది.

మామూలుగా అందరూ చెప్పేది ఒకటే, ఫోను ఉండగా ఇంకో పెట్టె దేనికని. ఫోనుకు స్టాండు కొనిస్తే వెయ్యి రూపాయల లోపు పని. 2020 అక్టోబరు నుంచి మోటారు వాహనాల నిబంధనల్లో కూడా, ధ్యాస చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రం ఫోను వాడుకోవచ్చన్నారు. కానీ మామ ఫోను ఎవరిదో మీకు తెలుసు. అది మనందరిది! పది నిమిషాలకొకరు చేస్తాం. మలుపు దగ్గర తెర మీద మన పేరు వస్తుంది, మలుపు దాటిపోతుంది. పైగా మే నెల ఎండలో అద్దం వెనక పెడితే ఫోను వేడెక్కి ఆగిపోవడం మేం ముగ్గురం చూసినదే.

డాష్‌బోర్డు కోసి పెద్ద తెర బిగించే రకం ఇంకొకటి. మామ కారుకు పదిహేనేళ్ళు. దాని వైర్ల మీద కొత్తవాళ్ళ చెయ్యి పడనివ్వరు. అది అక్కడితో సరి.

మిగిలింది విడిగా దొరికే జీపీఎస్ పెట్టె. ఇప్పుడు అంగళ్ళలో ఇవి బాగా తగ్గాయి, మూడు చోట్ల తిరిగితే రెండు రకాలు కనబడ్డాయి. ఇక్కడ చాలామందికి ఉన్న ఒక అనుమానం తీర్చాలి. సిగ్నల్ లేని చోట జీపీఎస్ పనిచేయదనుకుంటారు. మనం ఎక్కడున్నామో చెప్పేది సెల్ టవరు కాదు, సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు. కనీసం నాలుగు అందితే చాలు, దానికి ఇంటర్నెట్టూ అక్కర్లేదు, చందా కూడా లేదు. ఇంటర్నెట్ కావలసింది మ్యాపు దించుకోవడానికి, ట్రాఫిక్ తెలుసుకోవడానికి. మ్యాపు ముందే పెట్టెలో ఉంటే దింబం ఘాట్‌లో 27 హెయిర్‌పిన్ మలుపుల మధ్య టవరు పోయినా దారి పోదు. అందుకే మ్యాపు లోపలే ఉన్నది, దాన్ని ఏటా ఉచితంగా మార్చి ఇచ్చేది కావాలన్నాం. చింతచెట్ల సంగతి తెలిశాక ఈ రెండో మాట మీద ఇంకా గట్టిగా నిలబడ్డాం. పాత మ్యాపున్న పెట్టె కొంటే అది ఇంకో మామ అవుతుంది.

మొదటిది అడిగి తీసుకుని పొల్లాచి వైపు తిప్పి చూశాం. హాయిగా పోతుండగా "ఎడమకు" అంది. తిరిగాం. పరంబికుళం-ఆళియారు కాలువ గట్టు మీదికి ఎక్కించింది. ఎదురుగా కొబ్బరి బోండాల ట్రాక్టరు, పక్కన నీళ్ళు. అర కిలోమీటరు వెనక్కి నడిపాం. తర్వాత తెలిసింది, దాంట్లో "దగ్గరి దారి" అని పెట్టి ఉంది. దాన్ని "త్వరగా చేరే దారి" అని మార్చి, మట్టిరోడ్లు వద్దని గుర్తు పెట్టాక బుద్ధిగా నడిచింది. మీలో ఎవరైనా ఇలాంటివి కొంటే ముందు ఈ రెండూ చూసుకోండి. ఇంకోమాట, ఏ పెట్టె అయినా మైసూరు దారిలో బండీపురం అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుందని చెబుతుందని నమ్మకండి. 2009 నుంచి ఉన్న నిషేధం అది, మేం చూసిన రెండూ రాత్రి కూడా ఆ దారే చూపించాయి.

ఊరి పేర్లతో పడ్డ తిప్పలు వేరే. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా వస్తే ఊరే లేదంటుంది. 2020లో మన తమిళనాడు ప్రభుత్వం 1,018 ఊళ్ళ ఇంగ్లీషు పేర్ల రాత మార్చి, కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది కదా. ప్రభుత్వానికే అంత తంటా అయితే మామ ఎక్కడ టైపు చేస్తారు? ఆయనకు చదవడం తమిళం, వినడం తెలుగు. రెండో పెట్టెలో తెలుగు గొంతు ఉంది. దాన్నే కొన్నాం. వినగానే మామ అన్న మొదటి మాట: "ఎవరప్పా ఈమె, బెజవాడ ఆవిడా?"

ఇక ఆ ముల్లు సంగతి. చిరునామాలు టైపు చేయకుండా ఇంటి ముందు నిలబడి ఆ చోటును పెట్టెలో దాచుకోవచ్చు. కాబట్టి మామ ఇంటికి పెట్టె తీసుకెళ్ళి, మీకు దారి చూపించడానికని అనలేదు. "మామా, దీనికి మనవాళ్ళ ఇళ్ళు తెలియవు. మీరే నేర్పాలి" అన్నాం. కాసేపు మా మొహాలు చూశారు. మా ఎత్తు ఆయనకు అర్థం కాలేదని మేం అనుకోవడం లేదు. లోపలికి వెళ్ళి చెప్పులేసుకుని వచ్చారు.

నాలుగు ఆదివారాల్లో 61 ఇళ్ళు ఎక్కాయి. పేర్లు ఆయన చెప్పినట్టే పెట్టాం: బావి ఇల్లు, రెండు మెట్ల ఇల్లు, మజ్జిగ అవ్వ ఇల్లు. మజ్జిగ అవ్వ పోయి ఆరేళ్ళయింది, అయినా ఆ పేరు మార్చనివ్వలేదు. మూడో ఆదివారం నుంచి కారు ఆయనే నడుపుతున్నారు, మేం వెనక కూర్చుంటున్నాం. ఆవిడ కుడికి అన్నప్పుడు "తెలుసులే అమ్మా" అంటారు, అని కుడికే తిరుగుతారు.

లెక్క: వచ్చింది 18,500. పెట్టెకు 14,200, డాష్‌బోర్డు మీద నిలబెట్టే స్టాండుకు 650. మిగిలిన 3,650 పెట్రోలుకు ఉంచాం. రసీదులు ఆఫీసులో ఉన్నాయి.

వచ్చే ఆదివారం మడత్తుకుళం వైపు. అటు ఉన్నవాళ్ళు ఉదయం పది నుంచి ఇంట్లో ఉండండి, కుక్కను కట్టేయండి. మామకు కాఫీలో చక్కెర వద్దు.